నిద్రలో నాన్నగారి ఊపిరి ఆగి ఆగి నడుస్తోంది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. మూడేళ్ల కిందట గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. రెండు నెలలుగా రాత్రిపూట ఆయన ఊపిరి తీరు మారిపోయింది. మొదట మెల్లగా తీస్తారు. తర్వాత ఒక్కో ఊపిరీ పెద్దదవుతూ రొప్పుతున్నట్టు అవుతుంది. మళ్లీ తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోతుంది. పదిహేను, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా కదలికే ఉండదు. మా గుండెలు జారిపోతాయి. అంతలో మళ్లీ మొదలవుతుంది. గురక పెద్దగా లేదు. పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్నారు. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ఇదివరకు ఒక దిండు చాలేది, ఇప్పుడు మూడు కావాలంటున్నారు. మా తమ్ముడికి నెల రోజుల బాబు ఉన్నాడు. వాడు కూడా నిద్రలో కాసేపు ఊపిరి ఆపి మళ్లీ తీస్తాడు. అది మామూలే అని పిల్లల డాక్టరు చెప్పారు. అందుకని నాన్నది కూడా అలాంటిదేలే, వయసు వల్ల వచ్చిందిలే అంటున్నారు ఇంట్లో. అమ్మ మాత్రం రాత్రంతా ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుంటోంది. నాకూ ఈమధ్య ఊపిరి నిండుగా అందనట్టు ఉంటోంది, మాటిమాటికీ నిట్టూర్చాలనిపిస్తోంది. గుండె డాక్టరు రమ్మన్న తేదీకి ఇంకా ఆరు వారాలుంది. ఈలోగా ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుందామా? నిద్ర బాగా పట్టడానికి మాత్ర ఇవ్వవచ్చా?

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. ఆరు వారాలు ఆగకండి. గుండె డాక్టరుకు ఫోన్ చేసి, కాళ్ల వాపు, మూడు దిండ్లు, రాత్రి ఊపిరి ఆగడం, ఈ మూడూ చెప్పి, రెండు మూడు రోజుల్లో చూపించేలా అడగండి. అక్కడ కుదరకపోతే మరో గుండె డాక్టరుకైనా చూపించండి. నిద్రమాత్ర ఇవ్వకండి. ఆక్సిజన్ మీ అంతట మీరు పెట్టకండి. ఎందుకో కింద చెబుతాను.

మీరు రాసిన తీరు చూస్తే, ఆ ఊపిరిని మీరు ఎంత శ్రద్ధగా గమనించారో తెలుస్తోంది. మెల్లగా మొదలై, పెరిగి, తగ్గి, ఆగి, మళ్లీ మొదలవడం. ఈ క్రమానికి వైద్యంలో ఒక పేరుంది: చెయిన్ స్టోక్స్ శ్వాస. జాన్ చెయిన్ 1818లో, విలియం స్టోక్స్ 1854లో దీని గురించి రాశారు. యంత్రాలేవీ లేని రోజుల్లో, రోగి మంచం పక్కన కూర్చుని చూసి రాసిన సంగతి ఇది. మీ అమ్మగారు ఇప్పుడు చేస్తున్నదీ దాదాపు అదే. ఉత్తరం చూసి జబ్బు పేరు ఖాయం చేయడం సరికాదు కానీ, గుండెపోటు వచ్చి ఉన్న మనిషిలో, కాళ్ల వాపుతో కలిసి ఇలాంటి ఊపిరి కనబడితే నేను మొదట అనుమానించేది గుండెనే, ఊపిరితిత్తులను కాదు.

ఊపిరికీ గుండెకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. మనం మేలుకుని ఉన్నప్పుడు ఊపిరిని కొంత మన ఇష్టం, మన మాట, మన నడక నడిపిస్తాయి. నిద్ర పట్టాక ఆ పెత్తనం దాదాపు మొత్తం మెదడు అడుగుభాగంలోని ఒక చిన్న కేంద్రానికి వెళ్తుంది. అది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చూసుకుంటూ ఉంటుంది. పెరిగితే ఊపిరి పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. మరీ తగ్గిపోతే కాసేపు ఆపేస్తుంది. ఇప్పుడు ఒక మేడ ఇల్లు అనుకోండి. పైన నీళ్ల ట్యాంకు, కింద మోటారు స్విచ్చి. ట్యాంకు నిండగానే పైనుంచి ఒకరు కేకేస్తే, కింద ఉన్నవాళ్లు మోటారు ఆపుతారు. ఆ కేక అప్పటికప్పుడు వినబడితే ఏ గొడవా లేదు. కేక ఆలస్యంగా చేరితే? ట్యాంకు పొర్లిపోయాక మోటారు ఆగుతుంది, పూర్తిగా ఖాళీ అయ్యాక మళ్లీ మొదలవుతుంది. బలహీనపడిన గుండె రక్తాన్ని నెమ్మదిగా తోస్తుంది. ఊపిరితిత్తుల్లో జరిగిన మార్పు రక్తంతో పాటు మెదడుకు చేరేసరికి ఆలస్యమవుతుంది. దానికి తోడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్ల ఊపిరి మామూలుకంటే ఎక్కువగానే నడుస్తూ ఉంటుంది కాబట్టి, కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఆగిపోయే గీత దగ్గరే ఉంటుంది. అందుకే ఒకసారి అతిగా తీయడం, ఒకసారి అసలు తీయకపోవడం. గుండె బలహీనత వల్ల వచ్చే ఈ చక్రం, ఒక ఆగడం నుంచి ఇంకో ఆగడానికి, సాధారణంగా నిమిషం అటూ ఇటూ ఉంటుంది.

బాబు సంగతి వేరు. నెలల పిల్లల్లో ఆ కేంద్రం ఇంకా పదును తేరలేదు. అందుకే వాళ్లు 5 నుంచి 10 సెకన్లు ఊపిరి ఆపి, గబగబా నాలుగు తీసి, మళ్లీ ఆపుతుంటారు. నెలలు గడిచేకొద్దీ అదే సర్దుకుంటుంది. పిల్లల డాక్టరు చెప్పింది నిజమే. 20 సెకన్లు దాటి ఆగినా, ఆగినప్పుడు ఒళ్లు నీలంగా మారినా, పాలిపోయినా, బిడ్డ మెత్తగా వాలిపోయినా మాత్రం అది మామూలు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నా, మనవడిది ఎదుగుదలలో ఒక దశ, తాతగారిది జబ్బు చెబుతున్న కబురు. వయసుతో పాటు ఇది మామూలే అనే మాటను దయచేసి ఇంట్లో ఎవరూ అనుకోకండి. ఆ మాట నమ్మి నెలలు పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. మధ్యలో అప్పుడొకటి అప్పుడొకటి పెద్ద నిట్టూర్పు రావడం కూడా మామూలే. అంతకు మించి లయ తప్పుతోందంటే కారణం వెతకాల్సిందే.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా మీరు చేయగలిగిన చాలా పెద్ద సాయం ఒకటుంది. ఫోన్‌లో వీడియో తీయండి. నాన్నగారు గాఢంగా నిద్రపోయాక, దుప్పటి కాస్త కిందికి జరిపి, ఛాతీ, పొట్ట రెండూ కనబడేలా, ఊపిరి చప్పుడు వినబడేంత దగ్గరగా, కనీసం నాలుగైదు నిమిషాలు ఆపకుండా తీయండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించే పద్ధతి ఇలాంటి ఊపిరికి పనికిరాదు. ఆ 15 సెకన్లూ ఆగిన వేళలో పడితే సున్నా వస్తుంది, రొప్పే వేళలో పడితే 40 వస్తుంది. రెండూ తప్పే. పగలు డాక్టరు ముందు కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ తీరు చాలాసార్లు కనబడదు కూడా. అందుకే ఆ వీడియో అంత విలువైనది.

వీడియోలో ముఖ్యంగా ఒకటి చూడండి. ఊపిరి ఆగినప్పుడు ఛాతీ, పొట్ట కదులుతున్నాయా, లేదా? రెండూ నిశ్చలంగా ఉంటే, ఊపిరి తీయమనే ఆజ్ఞే మెదడు నుంచి రావడం లేదని అర్థం. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారిది ఇలాగే ఉంది. అలా కాక, ఛాతీ, పొట్ట ఎగసి పడుతున్నా గాలి లోపలికి వెళ్లకపోతే, గొంతు దగ్గర దారి మూసుకుపోతోందని అర్థం. అది గురకతో వచ్చే స్లీప్ ఆప్నియా. ఆప్నియా అంటే ఊపిరి ఆగడం. పెద్ద గురక, హఠాత్తుగా నిశ్శబ్దం, ఆ తర్వాత ఉలిక్కిపడినట్టు ఒక గట్టి శబ్దంతో మళ్లీ గురక. బరువు ఎక్కువున్నవాళ్లలో, మెడ లావుగా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, మందులకు లొంగని బీపీ దీని వెంట వస్తాయి. 10 సెకన్లకు తగ్గకుండా ఆగిన ప్రతిసారినీ లెక్కలోకి తీసుకుని, గంటకు 5 నుంచి 15 వరకు ఉంటే తక్కువ స్థాయి, 30 దాటితే తీవ్రం అంటారు. దీనికి సీప్యాప్ అనే మాస్కు బాగా పనిచేస్తుంది. గాలిని కాస్త ఒత్తిడితో పంపి గొంతులో దారి మూసుకుపోకుండా చూస్తుందది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం కూడా మేలు చేస్తాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఈ రెండు రకాలూ కలిసి ఉండటం అరుదేమీ కాదు.

గుండె కాకుండా వేరే కారణాలూ ఉంటాయి. పక్షవాతం వచ్చినప్పుడు, మెదడులో ఒత్తిడి పెరిగినప్పుడు, కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు ఊపిరి లయ మారుతుంది. నాన్నగారు నొప్పులకు వేసుకునే మాత్రల్లో ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి ఉన్నాయేమో, దగ్గు మందులో కోడీన్ ఉందేమో చూడండి. ఇవి ఊపిరి కేంద్రాన్ని మందగింపజేస్తాయి. నిద్రమాత్రలు, మద్యం వీటికి తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నిద్రమాత్ర వద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. ఆయన పగలు కునికేది మత్తు చాలక కాదు, రాత్రి ఊపిరి మళ్లీ ఎగసిన ప్రతిసారీ తెలిసీ తెలియని మెలకువ వచ్చి నిద్ర ముక్కలవుతోంది కాబట్టి. ఇక షుగరు ఉన్నవాళ్లలో ఇంకో రకం ఉంటుంది. అది ఆగి ఆగి నడిచేది కాదు, ఆపకుండా లోతుగా, బలంగా, పరిగెత్తి వచ్చినట్టు తీసే ఊపిరి. అడాల్ఫ్ కుస్మాల్ 1874లో దీన్ని వివరించారు. షుగరు బాగా పెరిగి రక్తంలో ఆమ్లం చేరినప్పుడు, దాన్ని ఊపిరి ద్వారా బయటికి పంపాలని ఒళ్లు చేసే ప్రయత్నం అది. వాంతులు, కడుపునొప్పి, నోటి నుంచి పండిన పండ్లలాంటి వాసన దీనితో పాటు ఉండవచ్చు. అలా కనబడితే పొద్దున దాకా చూద్దాంలే అనుకోకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాక్టరు దగ్గర మొదట ఇసిజి, ఎకో చేస్తారు. గుండె ఒక్కో కొట్టుకూ తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తోందో ఎకోలో తెలుస్తుంది. ఆ అంకెను అడిగి రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. గుండె మీద భారం ఎంతుందో చెప్పే బీఎన్‌పీ రక్తపరీక్ష, కిడ్నీ పరీక్షలు, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు కూడా చూడవచ్చు. అవసరమైతే ఒక రాత్రి స్లీప్ స్టడీ చేస్తారు. ముక్కు దగ్గర గాలి కదలిక, ఛాతీ కదలిక, ఆక్సిజన్, గుండె లయ, కొన్నిచోట్ల మెదడు తరంగాలు కూడా రాత్రంతా నమోదు చేసే పరీక్ష అది. నొప్పి ఉండదు.

చికిత్సలో అసలు మాట ఒక్కటే. ఊపిరిని విడిగా సరిచేయాలని చూడటం కాదు, గుండెకు వైద్యం చేయాలి. ఒంట్లో చేరిన నీరు మందులతో బయటికి పోతే, గుండె మీద భారం తగ్గించే మందులు సరైన మోతాదులో పడితే, చాలామందిలో ఆ ఎగుడుదిగుడు ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. గుండెపోటు తర్వాత ఇచ్చిన మందుల్లో ఏదైనా మధ్యలో మానేశారా అన్నది నాన్నగారిని మెత్తగా అడగండి. బాగానే ఉన్నాను కదా అని ఒకటి రెండు మాత్రలు వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు. కోప్పడితే అసలు విషయం చెప్పరు. గుండె కింది గదులు రెండూ ఒకేసారి కొట్టుకోకపోతే కొందరికి ప్రత్యేకమైన పేస్‌మేకర్ పెడతారు. దాంతో కూడా ఊపిరి మెరుగవుతుంది.

ఆక్సిజన్ గురించి. నాన్నగారికి రాత్రి ఎంత తగ్గుతోందో కొలవకుండా, కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ఊపిరితిత్తుల జబ్బు లేదని తేల్చుకోకుండా సిలిండర్ పెట్టడం మంచిది కాదు. ఎన్నో ఏళ్లు పొగ తాగి ఊపిరితిత్తులు చెడినవాళ్లలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి స్పృహ తప్పవచ్చు. అలాంటివాళ్లకు ఆక్సిజన్‌ను 88 నుంచి 92 శాతం మధ్యే ఉంచుతారు, వందకు తెద్దామని చూడరు. పైగా ఇంట్లో ఆక్సిజన్ ఉందన్న ధైర్యంతో గుండెను చూపించడం వాయిదా పడుతుంది. నాకున్న అసలు భయం అదే.

ఊపిరి మిషన్ల విషయంలోనూ ఒక జాగ్రత్త చెబుతాను, ఎందుకంటే ఎవరో ఒకరు కొనమని సలహా ఇస్తారు. ప్రతి ఊపిరికీ తగ్గట్టు ఒత్తిడి తానే మార్చుకునే ఏఎస్‌వీ అనే రకం ఒకటుంది. ఈ ఎగుడుదిగుడు ఊపిరిని అది చక్కగా సమం చేస్తుంది. అయినా, గుండె తోసే శాతం 45, అంతకంటే తక్కువ ఉండి, ఊపిరి ఆజ్ఞ ఆగే రకం ఆప్నియా ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆ మిషన్ వాడితే గుండె కారణంగా మరణాలు పెరిగాయని 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. రాత్రి ఊపిరి అందంగా కనబడినంత మాత్రాన మనిషికి మేలు జరిగినట్టు కాదని అందరికీ తెలిసొచ్చింది. ఎకోలోని ఆ అంకెను రాసుకోమన్నది ఇందుకే. అది తెలియకుండా, స్లీప్ స్టడీ లేకుండా ఏ మిషనూ తేకండి.

ఇంట్లో చేయదగినవి: తల, వీపు ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టండి. వెల్లకిలా కంటే పక్కకు తిరిగి పడుకుంటే ఆగడాలు తగ్గుతాయి. ఉప్పు తగ్గించండి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండి వల్ల పెరిగిన బరువు కాదు, నీరు. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు అమ్మగారి గురించి. ఈ తరహా ఊపిరిలో 15, 20 సెకన్లు ఆగాక మళ్లీ మొదలుపెట్టించేది ఎవరో తట్టి లేపడం కాదు. ఆగిన ఆ కాసేపట్లో పెరిగే కార్బన్ డయాక్సైడే మెదడును కదిలిస్తుంది. అందుకని ప్రతిసారీ లేపాల్సిన పనిలేదు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంటే దాని అంకెల వెంట కూడా పరిగెత్తొద్దని చెప్పండి. రక్తం వేలిదాకా చేరడానికి ఆలస్యమవుతుంది కాబట్టి, ఊపిరి మళ్లీ మొదలయ్యాకే అంకె బాగా కిందికి కనబడుతుంది. అది చూసి ఆమె ఇంకా కంగారుపడతారు. ఒక్కటి గుర్తుంచుకోమనండి: పిలిచి, భుజం తడితే ఆయన కళ్లు తెరిచి పలుకుతారా? పలికితే డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా సమయం ఉన్నట్టు.

పలకకపోతే మాత్రం కథ వేరు. గుండె ఆగిపోయిన మనిషి కూడా కొన్ని నిమిషాలపాటు, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి, ఎప్పుడో ఒకసారి పెద్దగా ఎగశ్వాస తీస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి ఉందిలే అనుకుని ఆగిపోతారు. అది ఊపిరి కాదమ్మా. పిలిస్తే పలకక, అలాంటి ఎగశ్వాస మాత్రమే ఉంటే, ఒకరు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి, ఇంకొకరు ఆయన్ను గట్టి నేల మీద పడుకోబెట్టి ఛాతీ నడుమ రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా, సాయం వచ్చేదాకా ఆపకుండా. మీరూ, మీ తమ్ముడూ ఇది నేర్చుకుని ఉంచుకోండి. ఒక్క పూటలో నేర్పుతారు.

స్పృహలో ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితులు కొన్ని ఉన్నాయి. ఛాతీలో నొప్పి, పెదాలు నీలమవడం, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేనంత ఆయాసం, నురుగు కళ్లె, కూర్చుని మేలుకుని ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్ 90 దాటకపోవడం, ఊపిరి వేగం నిమిషానికి 30 దాటి అలాగే ఉండటం, మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మనిషి అయోమయంగా ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా రెండోది కోసం చూడకండి.

మీ నిట్టూర్పుల మాట మిగిలింది. రెండు నెలలుగా నాన్నగారి ఊపిరి వింటూ మీరు మీ ఊపిరిని కూడా గమనించడం మొదలుపెట్టారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు అవసరానికి మించి ఊపిరి తీస్తాం. కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తేలిపోయినట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. గాలి ఎక్కువైనందుకు వచ్చే బాధే గాలి చాలనట్టు అనిపిస్తుంది, దాంతో ఇంకా పెద్ద ఊపిరి తీస్తాం. మెట్లెక్కినప్పుడు కంటే ఊరికే కూర్చున్నప్పుడే ఎక్కువగా ఉంటే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. అలా అనిపించినప్పుడు పెద్ద ఊపిరి తీయకుండా, ముక్కుతో చిన్నగా తీసి, తీసినదానికంటే నెమ్మదిగా వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు వచ్చేలా, ఓ పది నిమిషాలు. కాగితం సంచిలో ఊపిరి తీయమని ఎవరైనా చెబితే వినకండి, అసలు జబ్బు గుండెదో ఆస్తమాదో అయితే అది ప్రాణం మీదికి తెస్తుంది. మీది కూడా టెన్షనే అని చూడకుండా తేల్చేయను. ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఇసిజి చేయించుకోండి. నాన్నగారిని తీసుకెళ్లిన రోజే అదీ అయిపోతుంది.

ఆ రోజు అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరుతో ఆమెనే మాట్లాడనివ్వండి. రాత్రుళ్లు చూసింది ఆమె. ఈ రాత్రికి మాత్రం ఆ వీడియో తీసే పని మీరు తీసుకుని, ఆమెను పక్క గదిలో పడుకోబెట్టండి.